ఉత్తరం గోడ అడిగిన మాట

వోక్లేర్ మఠం చర్చిలో ఉత్తరం గోడ దగ్గరికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. మా ఊళ్ళో కుర్రకారు కూడా ఆ పందెం కాయరు.

ఆ చర్చి ఎన్నిసార్లు కూలిందో, ఎన్నిసార్లు లేచిందో... ఎప్పుడో ఇంగ్లీషు సైన్యం తగలబెట్టింది. మళ్ళీ కట్టారు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో సన్యాసుల్ని తరిమేసి లోపల గుర్రాల్ని కట్టేశారు. తాతల కాలంలో బాగుచేశారు. మొదటి పెద్ద యుద్ధంలో ఫిరంగిగుళ్ళకు కప్పంతా పోయింది. ఎవరు బాగుచేసినా ఉత్తరం గోడలో ఒక్క రాయి మాత్రం నిలిచేది కాదట. సాయంత్రం పెడితే తెల్లారేసరికి నేల మీద ఉండేది.

మా మామగారు ఆన్సెల్మ్ తాపీమేస్త్రీ. ఆ యుద్ధం నుంచి తిరిగొచ్చి చర్చి బాగుచేసే పనిలో చేరారు. దెయ్యం మాట చెబితే నవ్వేవారు. కానీ కొత్త కమాను బరువంతా ఆ గోడ మీదే పడాలి. రాయి కదిలితే కింద పనిచేసేవాళ్ళు బతకరు.

చలికాలం. పొద్దు తొందరగా వాలింది. అందరూ ఇళ్ళకు పోయాక ఆయన స్తంభం చాటున కూర్చున్నారు.

కాసేపటికి... రాయి గీసుకుంటున్న చప్పుడు.

దీపం పైకెత్తి చూస్తే— లియోకాదీ అవ్వ. కొడుకు ఫిర్మాఁ ఫిరంగిగుండు పడి ఈ చర్చిలోనే చచ్చిపోయాడు. రెండు చేతులూ ఆ రాయి మీద పెట్టి ఉంది.

ఆయనకు కోపం రాలేదు, జాలేసింది.

"అవ్వా... ఫిర్మాఁ ఈ గోడ వెనకే ఉన్నాడనా, దీన్ని పీకేస్తున్నావు?"

అవ్వ తల తిప్పలేదు.

"నా బిడ్డ శ్మశానంలో ఉన్నాడు నాయనా. నా చేతులతోనే మట్టేశాను." గొంతు తగ్గించింది. "నేను పీకడం లేదు... లోపలికి నెడుతున్నాను. అవతలి నుంచి బయటికి తోస్తున్నాడు. నువ్వూ ఓ చెయ్యి వెయ్యి."

మామగారు చెయ్యి వేశారు. అవతలి నుంచి రాయి ఆయన అరచేతిని మెల్లగా తోసింది.

సందులోంచి మాట వచ్చింది. వణుకుతున్న ముసలి గొంతు—

"మంటలు ఆరాయా?"

"ఇంగ్లీషువాళ్ళు తగలబెట్టినప్పుడు ఈ గోడ వెనక చిక్కుకున్న సన్యాసి. రోజూ ఇదే అడుగుతాడు," అంది అవ్వ. "ఆరాయని చెబుతాను. నమ్మడు. కట్టేవాడివి, నువ్వు చెప్పు."

ఆయన పైకి చూశారు. కప్పు లేదు, చుక్కలు కనిపిస్తున్నాయి.

"ఆరిపోయాయి ఫాదర్. కప్పు వేస్తున్నాం."

అవతల తోయడం ఆగింది. రాయి దానంతటదే జారి గోడలో కూర్చుంది.

ఆ తర్వాత అది కదల్లేదు. కమాను నిలబెట్టారు, కప్పు వేశారు, గంట కట్టారు. మా పెళ్ళి అక్కడే జరిగింది.

ఇదంతా మామగారు నాకు చెప్పింది చర్చి కింద నేలమాళిగలో. మళ్ళీ యుద్ధం వచ్చింది. పైన విమానాలు తిరుగుతున్నాయి. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ఊరంతా అక్కడే నక్కి ఉన్నాం.

చెబుతూ చెబుతూ ఆగిపోయారు. ఉత్తరం వైపు గోడకు చెవి ఆనించారు.

"ఏంటి మామయ్యా?"

ఆయన నా వైపు చూడలేదు.

"అడుగుతున్నాడమ్మా," అన్నారు. "ఏం చెప్పమంటావు?"