రబ్బరు షీటు మీద గీసిన కొండ

అటక మీది ట్రంకుపెట్టె అడుగున, మైనపుగుడ్డలో చుట్టి ఉంది ఆ రబ్బరు షీటు. పొగచూరి తేనెరంగుకు తిరిగింది. విప్పబోతే అంచు పెళుసుగా విరిగి హైమావతి వేళ్ళకు అంటుకుంది. దాని మధ్యలో కత్తిమొనతో గీసిన గీతలు: రెండు మూపుల కొండ, కింద వాగు, కొండ నడుమున ఒక నోరు, లోపలికి మూడు మలుపులు, చివర బావిలాంటి గుండ్రం.

"బావా! దొరికింది! తాత అబద్ధం చెప్పలేదు!" అని అరిచింది.

నిచ్చెన పట్టుకుని నిలబడ్డ లోకనాథం ఆమె అక్క మొగుడు. సింగపూరు ఓడల్లో నాలుగేళ్ళు వెల్డింగు చేసి వచ్చిన మనిషి. షీటు అందుకుని చాలాసేపు చూశాడు. "మరింకేటి, ఎల్దాం," అన్నాడు నెమ్మదిగా.

నలభై రెండులో జపాను సైన్యం ఇప్పటి మలేసియా అయిన మలయాను ఆక్రమించినప్పుడు, కవిటి ఊరి నుంచి వలసపోయి ఒక రబ్బరు తోటలో పనిచేస్తున్న ఇరవై ఒక్క తెలుగు కుటుంబాలు తమ బంగారాన్ని మేస్త్రీ చిన్నంనాయుడి చేతిలో పెట్టాయి. కొండగుహలో దాచానన్నాడు. దాచిన చోటు గీసుకున్నానన్నాడు. యుద్ధం ముగిశాక ఒంటరిగా కవిటి చేరాడు, రెండేళ్ళలో కొబ్బరితోట కొన్నాడు. రంగూను రేవులో సంపాదించానన్నాడు. ఊరు నమ్మలేదు. అప్పటినుంచి ఆ ఇంటికి 'బంగారం మింగినోళ్ళు' అనే పేరు మిగిలింది. అతని మనవరాలు హైమావతి ఆ ఊళ్ళోనే నర్సు. ఎవరి బిడ్డకు జ్వరం వచ్చినా ఆమే పరుగెత్తాలి. అయినా పెళ్ళివారింట్లో ఆమె అడుగుపెట్టగానే నగలపెట్టె మూత పడిపోయేది. ఆ మూత చప్పుడు ముప్పై ఏళ్ళుగా వింటోంది. ఇప్పుడు మలేసియా వెళ్ళి, ఆ బంగారం తెచ్చి, ఎవరిది వాళ్ళ చేతిలో పెడితే ఆ చప్పుడు ఆగుతుంది.

ఆమె సోంపేట దాటి విశాఖపట్నం చూసింది తప్ప అంతకుమించి ఎక్కడికీ వెళ్ళలేదు. ప్రయాణానికి కావలసినదంతా బావే చూశాడు. పాస్‌పోర్టు ఫారాలు నింపాడు. అడవికి కాన్వాసు బూట్లు తెచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక చెప్పులు తప్ప తొడగని హైమావతి వాటితో మూడు వారాలు పెరట్లో తిరిగింది.

"ఏటే, పోలీసులా నడుస్తన్నావు!" అని అక్క పడీపడీ నవ్వింది.

"నవ్వు, నవ్వు. ఆ దేశంలో రోజూ వానంట. చెప్పులేసుకుంటే జలగలు మీ చెల్లెల్ని అరటిపండులా ఒలిచీస్తాయి," అన్నాడు లోకనాథం.

జలగలకు ఉప్పుమూటలు, పొగాకు కాడలు కట్టించాడు. ఊరందరికీ సూదులు వేసే హైమావతి తన జబ్బకు తానే టైఫాయిడు సూది వేసుకుంది. వారానికొకటి చొప్పున మలేరియా మాత్రలు మొదలుపెట్టింది. అక్క చేగోడీలు వేయించి డబ్బాలకెత్తింది. సాయంత్రాలు కొబ్బరితోట నూతిలోకి తాడుతో దిగడం నేర్పించాడు బావ. మొదటిరోజు ఆమె గట్టు వదల్లేదు.

"దిగు! కిందకి సూడకు, నన్ను సూడు! నాను పట్టుకున్న తాడు తెగదే!"

ఆయన ముఖం చూస్తూ దిగింది. నాలుగోరోజుకు నీళ్ళు తాకి వచ్చింది.

చివరి రోజు ఆయనే ఆమె వీపుసంచి సర్దాడు. "నువ్వు ముట్టుకోకు. చీకట్లో తడిమినా ఏ వస్తువు ఎక్కడుందో తెలియాలి. టార్చి కుడిపక్క అరలో ఎట్టాను."

* * *

కౌలాలంపూరులో దిగి, ఉత్తరంగా ఆరుగంటలు బస్సులో పోయి, ఆ రబ్బరు తోట చేరారు. వేడి తడిగుడ్డలా ముఖాన్ని కప్పేసింది. అక్కడే పుట్టి అక్కడే ముసలివాడైన అప్పలసూరి వాళ్ళకు దారి చూపడానికి ఒప్పుకున్నాడు. ఆ ఇరవై ఒక్క కుటుంబాల్లో వాళ్ళదీ ఒకటి. కవిటి ముఖం చూడని ఆ మనిషి నోట కవిటి మాట విని హైమావతికి కళ్ళు చెమర్చాయి.

"మా యమ్మ పుస్తెలు, ముక్కుపుడక మీ తాతకే ఇచ్చిందమ్మీ. సచ్చీదాకా ఆ కొండకేసి దండమెట్టీది," అన్నాడు అడవిలో తీగలు నరికి దారి చేస్తూ. "బంగారాన్ని గుడ్డలో కట్టి ఇస్తే మీ తాతే రబ్బరు పాలల్లో ముంచి ఉండలు సేసినాడంట. ఎవల గురుతు ఆల ఉండ మీద. మాది మూడు ఏటవాలు గీతలు."

"ఆ ఉండ ముందు నీ చేతిలోనే పెడతాను పెదనాన్నా."

వాగు దగ్గర లోకనాథం ఆగి, "మీ మోకాళ్ళకి గుహ పడదు. ఇక్కడే కూచోండి," అని ముసలాయనను ఆపేశాడు.

గుహ నోరు ఫెర్ను ఆకుల వెనక దాగి ఉంది. లోపల సున్నపురాయి చెమటలు కక్కుతోంది. తలపైన వేల గబ్బిలాలు గుసగుసలాడుతున్నాయి. ఒక మలుపు, రెండు, మూడు. నేల నోరు తెరిచింది. గుండ్రటి బిలం. టార్చి వెలుగుకు అడుగున ఒక రాతి అరుగు, దాని మీద నల్లటి ఉండల కుప్ప!

"నువ్వు తేలిక. నువ్వే దిగాలి," అన్నాడు లోకనాథం. "నా టార్చి తీసుకెళ్ళు, వెలుగెక్కువ."

నూతిలో నేర్చుకున్న అడుగులే. ఆయన ముఖం చూస్తూనే దిగింది. ఇరవై ఒక్క ఉండలు! ఒక్కోదాని మీద ఒక్కో గుర్తు. చేతికి బరువుగా తగిలాయి. అన్నీ బావ ఇచ్చిన గోనెసంచిలో వేసి తాడుకు కట్టింది.

"ముందు సంచి! టార్చి కూడా అందులో ఎట్టు, పైన దారి కనపడాల! నీకు నీ టార్చి ఉంది గదా! తాడు మళ్ళీ ఒగ్గుతాను!"

గోనెసంచి పైకి లేచింది. రాతి అంచుకు కొట్టుకుని ఒక ఉండ జారి ఆమె కాళ్ళ దగ్గర ధన్నున పడింది.

"బావా, ఒకటి పడిపోయింది!"

"పడనీ. ఇరవై సాలు." సంచి కింద వేలాడిన తాడు కొస పాములా పైకెక్కి మాయమైంది.

"బావా! తాడు!"

"అక్కకి నువ్వు జారిపోయావని సెప్తాను. బాగానే ఏడుస్తాది." తాడు చుట్టుకుంటూ అన్నాడు, "నువ్వు తిరిగొస్తే అంతా పంచీస్తావు. నాకు తెలుసు."

వెలుగు మూడు మలుపులూ తిరిగి ఆరిపోయింది.

హైమావతి తన వీపుసంచి తడిమింది. కుడిపక్క అరలో టార్చి చెప్పినచోటే ఉంది. మీట నొక్కింది. మళ్ళీ నొక్కింది. అడుగు మూత తిప్పి వేలు దూర్చింది. సెల్లులు లేవు. సెల్లుల సైజుకు బిగించి చుట్టిన వార్తాపత్రిక కాగితం ఉంది, గలగలలాడకుండా.

ఇది ఈ బిలం అంచున పుట్టిన బుద్ధి కాదు. అక్క పక్కగదిలో చేగోడీలు చుడుతుంటే, ఈయన నేలమీద కూచుని, కాగితం చుట్టాడు. చుట్టి, సరిపోయిందో లేదో చూసుకున్నాడు. ఆ తర్వాత లేచి ఆమెను నూతిలోకి దించి, తాడు పట్టుకుని, నవ్వాడు.

అరిచింది. తిట్టింది. గొంతు పోయాక గోడకు వీపు ఆనించి కూచుంది.

ఎంతసేపయిందో తెలియదు. తలపైన గుసగుస ఒక్కసారిగా రొదయింది. గాలి కదిలింది. వేల రెక్కలు ఆమె ముఖం పక్కనుంచే దూసుకుపోతున్నాయి. అవి వచ్చిన దారివైపు పోవడం లేదు. పక్కకు, బిలం గోడలోకి పోతున్నాయి!

సాయంత్రమైంది. గబ్బిలాలు బయలుదేరాయి. వాటికి వేరే గుమ్మం ఉంది!

జారిపడిన ఉండను జాకెట్టులో దోపుకుని, రెక్కల గాలి పోయేవైపు గోడ తడిమింది. నడుమెత్తు కంత. బోర్లా పడి దూరింది. రెట్టలో మోచేతుల దాకా కూరుకుపోయింది. ఘాటుకు కళ్ళు మండాయి. రాయి భుజాలను బిగించింది. ఊపిరి వదిలి, సన్నబడి, గోళ్ళతో ఈడ్చుకుంది. ముందు ఎర్రటి చుక్క. చుక్క చారెడైంది. ఆకాశమైంది.

"అమ్మీ! హైమమ్మీ!" కొండ కింద ఎక్కడో అప్పలసూరి కేకలు.

"పెదనాన్నా! ఇక్కడ!"

ముసలాయన మోకాళ్ళ మీద పాకినంత పని చేసి పైకి వచ్చాడు. ఎంతసేపు చూసినా ఎవరూ రాకపోయేసరికి గుహదాకా వెళ్ళాడు. మీ బావ వేరే దారిన దిగిపోయిన అడుగులు కనపడ్డాయన్నాడు. ఆమె జరిగింది చెప్పి, జాకెట్టులోంచి ఉండ తీసింది. అస్తమిస్తున్న వెలుగులో మూడు ఏటవాలు గీతలు కనిపించాయి.

"నీదే," అంది. "ఇదొక్కటైనా చాలు. మా తాత దాచాడని నువ్వొక్కడివి చెప్పు."

ఆయన ఉండను చుట్టూ తిప్పి వేళ్ళతో నొక్కి చూశాడు. "అతుకు లేదు. రబ్బరు పాలు ఒక్కసారే గట్టిపడతాయి. ఇప్పి మూస్తే అతుకు గీత పడిపోద్ది. మీ తాత ఆ రోజు ముంచిన ఉండే ఇది!" రబ్బరు చెట్లకు పాలు గీసే కత్తితో కోశాడు. లోపల గుడ్డ. గుడ్డలో ముడి.

ముడిలో వాగు గులకరాయి.

హైమావతి దాన్ని అరచేతిలోకి తీసుకుంది. ఉన్నట్టుండి ఆమెకు నవ్వొచ్చింది. కౌలాలంపూరు వైపు పోయే ఏదో బస్సులో, ఇరవై గులకరాళ్ళను ఒళ్ళో పెట్టుకుని, కూచుని ఉంటాడు లోకనాథం! నవ్వుతూ నవ్వుతూనే చప్పున ఆగింది. బావ కాగితం చుట్టాడు. తాత గులకరాళ్ళు చుట్టాడు. ఇరవై ఒక్క ఇళ్ళవాళ్ళు ఇచ్చిన గుడ్డల్లోనే, వాళ్ళ గుర్తులు వాళ్ళకే గీసిపెట్టి.

అప్పలసూరి ముఖం తిప్పుకున్నాడు. "ఎవలో మార్చీసుంటారమ్మీ. జపానోళ్ళు గానీ, దొంగలు గానీ. మీ తాత కాదులే."

అతుకు లేదని ఇప్పుడే చెప్పిన మనిషి. ఆమె కోసం అబద్ధమాడుతున్నాడు. తలూపితే చాలు, కవిటిలో నగలపెట్టె మూతలు తెరుచుకుంటాయి.

"కాదు పెదనాన్నా. మా తాతే," అంది. "ఆ కుటుంబాలవాళ్ళు తోటలో ఇంకా ఎంతమంది ఉన్నారు?"

"పదకొండిళ్ళు."

"నన్ను తీసుకెళ్ళు. ఒక్కో గుమ్మం ముందు నిలబడి నేనే చెప్తాను."

ఆయన కత్తి తుడుచుకుని మొలలో దోపుకున్నాడు. ఆమె చెయ్యి అందుకుని, "ముందు మా ఇంటికి రా," అన్నాడు. "స్నానం సేసి, ఇంత గంజి తాగి, అప్పుడు మొదలెట్టు."