పొయ్యి వైపు తిరిగి అడిగిన మాట

మహారాష్ట్రలోని ఇచల్‌కరంజీలో పొద్దున్నే మరమగ్గాల చప్పుడుకు ఇంటి గోడలు సన్నగా అదురుతుంటాయి. ప్రాజక్త పొయ్యి ముందు నిలబడి రోజూలాగే అడిగింది.

"ఆయీ, చాయ్‌లో చక్కెర ఎంత వేయమంటారు?"

వెనక పీట మీద మెంతికూర గిల్లుతున్న అత్తగారు హౌసాబాయి ఉలకలేదు, పలకలేదు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. ఎక్కడో కొంకణ్ తీరం నుంచి వచ్చిన పిల్లనని ఇంత చులకనా అని ప్రాజక్తకు కళ్ళు చెమర్చాయి. రెండు చెంచాల చక్కెర విసురుగా వేసేసింది. వేరు కాపురం పెడదామని మొగుడు రోహిదాసుతో అప్పటికే తెగేసి చెప్పింది. సాయంత్రం అమ్మతో మాట్లాడతానని అతను పనికి వెళ్ళాడు.

వింతేమిటంటే, ఎదురుగా నిలబడిన వాళ్ళతో హౌసాబాయి గలగలా మాట్లాడుతుంది. మగ్గాల షెడ్డులో పాతికేళ్ళు కండెలు చుట్టిన మనిషి ఆమె. ఆ హోరులో గొంతు చించుకున్నా లాభం లేదు గనక అక్కడందరూ పెదాలు చూసే మాట్లాడుకుంటారు. ఇంట్లోనూ అదే అలవాటైపోయింది. రోహిదాసు తల్లి భుజం తట్టి, మొహం చూపించి గానీ మాట మొదలుపెట్టడు.

అంతలో కరెంటు పోయింది. మగ్గాలు ఆగి వీధంతా నిశ్శబ్దమైంది. ప్రాజక్త చేతిలోంచి ఇత్తడి పళ్ళెం జారి ఖంగుమంది. పక్కింటి కుక్క కూడా మొరిగింది. హౌసాబాయి మాత్రం తలెత్తలేదు.

ప్రాజక్తకు అనుమానం వచ్చింది. పళ్ళెం తీసి, ఈసారి కావాలనే పడేసింది. ఊహూ. వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"ఆయీ, మీకు వినబడటం లేదు కదూ?"

"ఎవరే అన్నది? నువ్వడిగింది ఇప్పుడు వినలేదూ?"

"చూశారు. వినలేదు. చెవి మిషన్ పెట్టుకోవచ్చుగా?"

హౌసాబాయి మొహం మాడ్చుకుంది. "షెడ్డు వాళ్ళమందరం ఇంతే. మిషన్ తగిలించుకుని నలుగురిలో నవ్వులపాలు కావాలా? నాతో పనున్నవాళ్ళు ఎదురుగా వచ్చి మాట్లాడతారు. మాట్లాడనిదానివి నువ్వొక్కదానివే. వచ్చినప్పటి నుంచీ నాకు వీపు చూపించడమేగా!"

"నేనా? రోజూ అడుగుతూనే ఉన్నా! మీరే జవాబివ్వరని ఏడ్చుకుంటున్నా. వేరే పోదామని ఆయనతో కూడా అనేశాను."

హౌసాబాయి చేతిలో మెంతికాడ అలాగే ఉండిపోయింది.

"రోజూ నాతో మాట్లాడుతున్నావా? ఏమడుగుతావే?"

"చెప్పను. మిషన్ పెట్టుకుని వినండి." అని ప్రాజక్త లేచి, అమ్మతో ఏమీ అనొద్దని మొగుడికి ఫోను చేసింది.

వద్దు వద్దంటూనే ఆ మాటేదో తెలుసుకోవాలన్న ఆరాటం హౌసాబాయిని కొల్హాపూరు దాకా లాక్కెళ్ళింది. చెవి మిషన్లతో తిరిగొచ్చి గడపలోనే ఆగిపోయింది. "ఓయబ్బో, నా చెప్పులింత చప్పుడు చేస్తాయా!" తాలింపు చిటపటలకు అదిరిపడింది. తన గాజులు తానే ఊపుకుని చూసుకుంది. తర్వాత పీట వాల్చుకుని కూర్చుంది.

"అటు తిరుగు. పొయ్యి వైపు. ఇప్పుడడుగు."

ప్రాజక్త పొయ్యి వైపు తిరిగింది.

"ఆయీ, చాయ్‌లో చక్కెర ఎంత వేయమంటారు?"



"ఇంతేనా!" అంది వెనక నుంచి హౌసాబాయి. "అరచెంచా చాలే తల్లీ. ఇన్నాళ్ళూ పానకం తాగించావు."

"మరి ఒక్కసారీ అనలేదేం?"

"మూతి ముడుచుకున్న కోడలితో ఏమంటానే?"

ప్రాజక్తకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. తిరగబోయింది.

"ఉండు, తిరక్కు" అంది హౌసాబాయి. "ఇంకేదైనా అడుగు."