చలిబూచికి ఇవ్వని బిడ్డ

కుందవరం రాజ్యంలో పంటలకు లోటు లేదు, శత్రువుల భయం లేదు. ఉన్న బెడదల్లా చలిబూచి అనే రాక్షసి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని అది తీసుకుపోయేది. ఎత్తుకుపోయేది కాదు సుమా! కన్నవాళ్ళు తమ చేతులతో ఇస్తేనే తీసుకునేది. అయినా ఏ లోటూ లేకుండా బతికేసింది. ఎందుకంటే ఆ రాజ్యంలో ఎవరైనా నోరు తెరిచి అడిగితే కాదనడం మహా తప్పు.

పైడమ్మకు ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. అరచేతిలో పట్టేంత పిల్ల. పైడమ్మ, ఆమె భర్త అప్పన్న పిల్లను అడవిలో ఉండే ఒక యోగిని గుహకు చేర్చారు. అక్కడ దూది పొత్తిళ్ళలో, వెచ్చటి రాళ్ళ మధ్య పిల్ల కోలుకుంది. అది ఊపిరి తీసుకున్నప్పుడల్లా పైన మిణుగురులు వెలిగేవి. పైడమ్మ పిల్లకంటే వాటినే ఎక్కువ చూసింది.

ఒక ఉదయం యోగిని, "ఇక ఇంటికి తీసుకుపోండి" అంది.

"మరి మిణుగురులు?" అంది పైడమ్మ.

"అవి ఇక్కడివి. ఊపిరి మీరే చూసుకోవాలి. బట్ట అడ్డం లేకుండా గుండెకి ఆనించి కట్టుకోండి. చలిబూచి మూడు వేషాల్లో వస్తుంది. మూడుసార్లూ కాదంటే దాని పీడ విరగడైపోతుంది. ఒక్కసారి ఇచ్చారా, పిల్ల మీకు దక్కదు."

అప్పన్న పిల్లను ఛాతీకి కట్టుకున్నాడు. దారి పొడుగునా దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. పెట్టినప్పుడల్లా పిల్ల ఉలిక్కిపడి లేచింది.

"బతికే ఉందే!"

"ఉంటుంది, నువ్వు నిద్రపోనిస్తే."

వాగు దగ్గర కొమ్ముల రాక్షసి అడ్డం వచ్చింది. "పిల్లనివ్వు! లేదా నిన్ను నమిలేస్తా!"

"నములు. పిల్లనైతే ఇవ్వను" అంది పైడమ్మ. రాక్షసి మాయమైంది.

కొండ మలుపులో పెద్దపులి కూర్చునుంది. "ఇంత చిన్నగా ఉందేమిటమ్మా? పాలు చాలట్లేదేమో. మా పిల్లలు ఈ వయసుకి వేటకెళ్ళాయి. ఇటివ్వు, నాలుగుసార్లు నాకితే బలం పడుతుంది."

"మీ పిల్లల ఒళ్ళంతా చారలున్నాయి. మేమేమన్నా అన్నామా? ఇవ్వను, పో!" అన్నాడు అప్పన్న.

పులి మొహం మాడ్చుకుని పోయింది.

ఇంటి గడప దాటితే చాలు, గెలిచినట్టే అనుకున్నారు. గడప లోపల చుట్టాలున్నారు. అప్పన్న పెద్దమ్మ నూకాలమ్మ, సాంబ్రాణి పొగ కుంపటితో ఎదురొచ్చింది.

"పొగ వద్దు పెద్దత్తా, పిల్లకి ఊపిరాడదు."

"మేం పిల్లల్ని పెంచలేదూ? మగాడు పిల్లని కట్టుకు తిరగడమేంటి, విడ్డూరం!"

ఇంతలో పట్టుచీర కట్టిన ఒకావిడ నవ్వుతూ ముందుకొచ్చింది. "ఏరా అప్పన్నా, గుర్తుపట్టావా? నీ పెళ్ళిలో పులిహోర వడ్డించింది నేనే!"

అప్పన్నకు ఆవిడెవరో బొత్తిగా తెలియదు. తెలియదంటే బాగుండదని, "అయ్యో, మిమ్మల్ని మర్చిపోతామా!" అన్నాడు.

"అయితే పిల్లని ఒక్కసారి ఇటివ్వు."

రాక్షసికీ పులికీ లొంగని అప్పన్న, మెడ వెనక ముడి విప్పబోయాడు. పైడమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"మీరెవరో మాకు తెలీదు. తెలిసినా సరే, ఇవ్వను. మర్యాద తెలీదనుకుంటారా, అనుకోండి. ఊరంతా చెప్పుకోండి. నా పిల్లని ఇవ్వను!"

ఇల్లంతా నోళ్ళు నొక్కుకుంది. పట్టుచీర నిలువునా కరిగి, గదిలో నీటి మడుగు మిగిలింది. చలిబూచి కథ అక్కడితో సరి.

"ఇల్లంతా తడి చేసింది. ఎవరి తరఫు చుట్టమో!" అంది నూకాలమ్మ, కుంపటి ఆర్పేస్తూ.

అప్పన్న ఛాతీ మీద పిల్ల ఆవలించింది.

కబురు విన్న రాజుగారు ఏనుగెక్కి వచ్చారు. పైడమ్మకు సగం రాజ్యం ఇస్తున్నామని ప్రకటించి, "ఏదీ, పాపని మమ్మల్నొకసారి ఎత్తుకోనీ" అని చేతులు చాచారు.

"ఇవ్వను ప్రభూ. చూడాలంటే చేతులు కడుక్కురండి. చూడటం కూడా దూరం నుంచే."

రాజుగారు కిరీటం తీసి పక్కన పెట్టి, పెరట్లో నూతి దగ్గరికి నడిచారు. అక్కడ కాసేపు ఆగాల్సి వచ్చింది. ఆయనకంటే ముందు నూకాలమ్మ ఉంది.