ఎర్రమోరి కాడ కాలిన వాసన

ముందు మీరు చెప్పండి. ఎర్రమోరి కాడ మీరేం చూశారు? విన్నది కాదు, పక్కింటాయన చెప్పింది కాదు. మీ కళ్ళతో చూసింది చెప్పండి.

చూడలేదు గదా. ఎవ్వరూ చూడలేదు. వాసన వచ్చిందంటారు, అంతే.

చిరాగ్‌పల్లి దాటి మొగుడంపల్లి వైపు తిరిగితే పొడుగాటి ఎత్తు ఒకటి, దాని కొసన ఎర్రరాళ్ళతో కట్టిన మోరి, చిన్న కల్వర్టు. ఎన్నడో చెరుకు లారీ అక్కడ బోల్తాపడి తగలబడ్డదట. లోపలున్న ఇద్దరూ మాడిపోయారట. అప్పటి నుంచి రాత్రిపూట ఆ ఎత్తెక్కే బండ్లలోకి పీనుగు కాలే వాసన వస్తుందని పేరు. ఎత్తు మొదలుకాగానే అద్దాలు బిగించుకోవాలి, మోరి దాటేదాకా నోరెత్తొద్దు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు గానీ, అందరూ పాటించేవాళ్ళు.

డెబ్బై తొమ్మిది, చలికాలం. జహీరాబాద్‌లో మెకానిక్ మల్లప్ప షెడ్డు ముందు చెన్నబసప్ప తన అంబాసిడర్ ఆపాడు. కిరాయికి తిప్పే కారు. మూడు నెలల కింద అతని ఒక్కగానొక్క బిడ్డ శివమ్మ ఆ కారులోనే, ఆ ఎత్తు మీదనే పోయింది.

"బండిల వాసనస్తుంది మల్లన్నా. కిరాయోళ్ళు ఎక్కుతలేరు."

"యాడ వస్తుంది?"

"మోరి కాడ… ఇంకేడ."

"దయ్యానికి నీ కారే నచ్చిందా? బస్సులల్ల సీటు దొరుకలేదేమో."

చెన్నబసప్ప నవ్వలేదు. అన్నాక గుర్తొచ్చి మల్లప్ప నాలుక కరుచుకున్నాడు.

పొద్దుగూకినంక ఇద్దరూ బయలుదేరారు. చిరాగ్‌పల్లి దాకా ఏమీ లేదు. ఎత్తు మొదలైంది. ఎవరూ చెప్పకముందే చెన్నబసప్ప అద్దాలు పైకి తిప్పాడు. రెండో గేరు… ఇంజన్ మూలుగుతోంది. బయట మనిషి లేడు, దీపం లేదు.

వచ్చింది. సన్నగా మొదలై చిక్కబడింది. వెంట్రుకలు కాలిన వాసన. కళ్ళు మండాయి. మల్లప్ప తల బరువెక్కింది.

"అస్తుందా?" గుసగుసగా అడిగాడు చెన్నబసప్ప.

"అస్తుంది."

"భయపడకు అన్నా. శివమ్మే… గీడ ఎక్కుతది. నాతోటి ఇంటిదాకా అస్తది."

మల్లప్ప ఒళ్ళు ఝల్లుమంది. వెనక సీటువైపు చూడలేకపోయాడు. చూడకుండానే చెయ్యి వెనక్కి చాపాడు — కింద పరిచిన గొంగడి తగిలింది. వేడిగా ఉంది.

"బండి ఆపు."

"ఈడ వద్దే…"

"ఆపు. ఇంజన్ మాత్రం బందు చెయ్యకు."

టార్చిలైటు వేసి గొంగడి లేపాడు. అడుగున ఉన్ని నల్లగా మాడి ఉంది. దాని కింద నేలరేకు తుప్పుపట్టి పిడికిలంత బొక్క పడింది. బొక్కకు సరిగ్గా కింద సైలెన్సర్ పైపు అతుకు కాడ పగిలింది. పొగ బుసబుసా పైకే తన్నుతోంది.

ఇదీ దయ్యం. ఎత్తెక్కేటప్పుడు పైపు కాలిపోతుంది, పొగ ఎక్కువైతుంది, ఉన్ని మాడుతుంది. కింది దారిలో అద్దాలు తీసి ఉంటాయి గనుక గాలికి కొట్టుకుపోతుంది. ఇక్కడనేమో అందరూ భయపడి అద్దాలు మూస్తారు.

మల్లప్ప లేవబోయి ఆగిపోయాడు.

"బసప్పా… శివమ్మను దవాఖాన నుంచి తోలుకొచ్చిననాడు ఈ గొంగడి ఉండెనా?"

"ఉండె. దుమ్ము లేస్తుందని ఎండకాలంలనే పరిచిన."

"అద్దాలు?"

"దవాఖాన కాడ ఎక్కినప్పటి నుంచే మూసినం. బాలింత గదా, గాలి సోకొద్దని. నేను బీడీ తాగుతనని నా దిక్కు అద్దం జానెడు దించుకున్న. ఆ గాలన్న తాకుతదని మా ఇంటామె నాగవ్వ ముందు సీటుకు, ఎనుక సీటుకు నడుమ చీరె కట్టింది. పసిగుడ్డును ఒళ్ళె పెట్టుకొని ముందట కూసున్నది. బిడ్డ ఎనుక కాళ్ళు చాపుకొని పండుకున్నది…"

చెన్నబసప్ప స్టీరింగు మీద చేతులు పెట్టి చీకట్లోకి చూస్తూ అన్నాడు.

"మోరి దాటినంక పిలిచినం. పలుకలే. ముఖం ఎర్రగ… పసుపు కుంకుమలతోటి పెండ్లిల కూసున్నప్పటి లెక్కనే ఉండె."

ఆ ఎరుపు మల్లప్పకు తెలుసు. ఒకసారి చలికి ఓర్వలేక లారీ క్లీనర్ ఒకడు ఇంజన్ నడిపించి, క్యాబిన్ తలుపులు బిగించుకొని పండుకున్నాడు. తెల్లారి తీస్తే అట్లాంటి ముఖమే. పొగే చంపిందని డాక్టరు చెప్తుంటే మల్లప్ప పక్కనే ఉన్నాడు.

టార్చి ఆర్పి, అద్దాలన్నీ కిందికి దించాడు. "పైపు పలిగింది, రేపు అతికిస్త" అని మాత్రం అన్నాడు.

అతికించాడు. గ్యాస్ వెల్డింగ్ పెట్టి, నేలకు కొత్త రేకు బిగించి, గొంగడి తీసి పొయ్యిలో పడేశాడు. కూలి అడగలేదు. "ఇగ ఎవలెక్కినా అద్దాలు మూయకు" అని మూడుసార్లు చెప్పాడు. ఎందుకో చెప్పలేదు.

నాలుగో రోజు చెన్నబసప్ప మళ్ళీ వచ్చాడు. గడ్డం పెరిగింది, కళ్ళు లోతుకు పోయాయి.

"వాసన అస్తలేదన్నా."

"మంచిదే గద తమ్మీ."

"ఏం మంచిది… మూడు రాత్రులు అద్దాలు మూసుకొని తిరిగిన. నా బిడ్డ ఎక్కుతలేదు."

మల్లప్ప చేతిలోని పానా కింద పెట్టాడు.

"ఆ అతుకు తీసెయ్యి మల్లన్నా. నీ కాళ్ళు మొక్కుత. కిరాయోళ్ళు ఎక్కకుంటే ఎక్కకపోనీ. ఈ రాత్రి పసిగుడ్డును తెస్త… ఎనుక సీట్ల పండబెడుత. తల్లి వచ్చి జరసేపు దగ్గర పండుకుంటది."

"వద్దు బసప్పా."

"నువ్వు తియ్యకుంటే సుత్తెతోటి నేనే పలగ్గొట్టుకుంట."

అన్నంత పనీ చేసేటట్టే ఉన్నాడు. మల్లప్ప అతన్ని భుజం పట్టి స్టూలు మీద కూర్చోబెట్టాడు. మంచినీళ్ళ చెంబు చేతికిచ్చాడు. షెడ్డు తలుపు దగ్గరికి వేసి ఎదురుగా కూర్చున్నాడు.

చెప్పకపోతే పసిగుడ్డు పోతుంది. చెప్పితే, నీ బిడ్డను నీ కారే, గాలి సోకొద్దన్న మీ జాగ్రత్తే చంపిందని తండ్రికి చెప్పాలి.

ఆ స్టూలుకు ఎదురుగా మీరే కూర్చుంటే, మొదటి మాట ఏమంటారు?