మూడో విజిల్

"హలో, ఈ సర్వర్ ఓనర్ ఎవరండీ? ఉన్నారా, లేక మీరూ సర్వర్‌లాగే వస్తూ పోతూ ఉంటారా?"

ఆమె నాతో అన్న మొదటి మాట అది. హెడ్‌ఫోన్స్‌లో గొంతు తప్ప మనిషి కనిపించదు కాబట్టి, వెక్కిరింపో కోపమో అర్థం కాలేదు.

"నేనేనండీ. ఏమైంది?"

"ఇప్పటికి రెండుసార్లు ఆటలోంచి బయటికి నెట్టేసింది. నది పక్కన ఇల్లు కట్టుకుంటున్నాను. మూడోసారి నెట్టేస్తే మళ్ళీ ఈ గుమ్మం తొక్కను."

"వంటింట్లో ప్లగ్ కాస్త లూజండీ. మిక్సీ వేస్తే అదీ కదులుతుంది."

"సర్వర్ వంటింట్లో పెట్టారా?"

"నెట్ కేబుల్ అక్కడిదాకానే వచ్చింది."

అవతల నవ్వు. పొరబోయి, దగ్గి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టిన నవ్వు.

"అయితే ఇందాకటినుంచి వినబడుతున్న విజిల్ మీ కుక్కర్‌దేనా? ఎన్ని వచ్చాయో చూసుకున్నారా?"

"లేదు."

"నేను లెక్కపెట్టాను. మూడు. లేచి స్టవ్ ఆపండి."

లేచి ఆపాను. ఆ తర్వాత ఎనిమిది నెలలపాటు, రోజూ సాయంత్రం ఏడింటికి, నా కుక్కర్ విజిల్స్ ఆమే లెక్కపెట్టింది.

నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీయడం నా పని. ముందు గదిలో కస్టమర్లు మాట్లాడుకుంటారు, బేరాలాడతారు, అద్దంలో చూసుకుని మురిసిపోతారు. నా దగ్గరికి వచ్చేవి చీటీలు మాత్రమే. కొన్ని రోజులు ఇంటికొచ్చాక గొంతు సవరించుకుంటే గానీ మాట వచ్చేది కాదు.

ఆ సర్వర్ పెట్టింది కాలేజీ ఫ్రెండ్స్ కోసం. పాత కంప్యూటర్ ఒకటి వంటింటి అలమరలో, డబ్బాల మధ్య ఇరికించాను. అందులో ఊరు కట్టుకునే ఆట ఒకటి, ఆడుతూ మాట్లాడుకోవడానికి వాయిస్ చాట్ ఒకటి. ఆరుగురం ఉండేవాళ్ళం. ఒకడికి పెళ్ళయింది, ఒకడికి పాప పుట్టింది. మిగతావాళ్ళు నా సర్వర్ నత్తలా నడుస్తోందని అద్దె సర్వర్‌కి మారిపోయారు. అద్దె సర్వర్ అంటే ఎక్కడో చల్లటి గదిలో ఉన్న ఎవరిదో మెషీన్‌ని నెలకింతని కట్టి వాడుకోవడం. ప్లగ్ ఊడదు, కరెంటు పోదు. నన్నూ రమ్మన్నారు, నేనే వెళ్ళలేదు.

అప్పట్లో నా సర్వర్ పేరు ఆటవాళ్ళ పబ్లిక్ లిస్టులో ఉండేది. అది చూసే ఆమె వచ్చింది. తర్వాత ఎవరెవరో వచ్చి కట్టినవన్నీ కూల్చేస్తుంటే లిస్టులోంచి తీసేశాను. ఇక మిగిలింది మేమిద్దరమే.

నన్ను "ఓనర్‌గారూ" అనేది. నేను "టెనెంట్‌గారూ" అనేవాణ్ణి. ఆమె ఒక ల్యాబ్‌లో కట్టుడు పళ్ళు తయారు చేస్తుంది.

"ఎంతమంది నవ్వులో నా చేతిమీదుగా వెళ్ళాయి, ఓనర్‌గారూ. ఆ నవ్వేవాళ్ళని మాత్రం ఒక్కళ్ళనీ చూడలేదు."

"నేనూ అంతే. నా అద్దాలతో లోకాన్ని చూసేవాళ్ళెవరూ నన్ను చూడలేదు."

"అబ్బో! డైలాగు బాగుంది. పొద్దున్నుంచీ ప్రాక్టీసా?"

నిజమే, పొద్దున్నుంచీ ప్రాక్టీసు. మీరు కాస్తా నువ్వు అయింది కానీ, ఫోన్ నంబర్ అడగడానికి మాత్రం ఎనిమిది నెలలైనా నోరు పెగల్లేదు. ఏమనుకుంటుందో, రేపటినుంచి రాదేమోనని భయం.

ఒక్క విషయంలోనే మాకు పడేది కాదు.

"అద్దెకి తీసుకో, ఓనర్‌గారూ. నేనూ సగం వేసుకుంటాను."

"సొంతది సొంతదే."

"ఇంటి నెట్ కనెక్షన్‌లో, నేను ఇక్కడికి రావడానికి కొట్టే అడ్రస్ నంబర్ ఎప్పుడైనా మారిపోవచ్చు. మారిందనుకో, నేనెక్కడికి రావాలి?"

"ఇన్ని నెలల్లో మారిందా?"

"మారాక అనుకుంటే లాభమేంటి? అసలు ఆ డొక్కు డబ్బా అంటే నీకెందుకంత ఇది?"

అప్పుడు నిజం చెప్పేస్తే సరిపోయేది. ఎవరూ లేనప్పుడు ఆ డబ్బా మీది పచ్చ లైటు ఎప్పుడో ఒకసారి మినుకుమంటుంది. ఆమె రాగానే గబగబా కొట్టుకుంటుంది. వంటింట్లో పనిచేసుకుంటూ ఆ లైటు చూడగానే, ఇంటికి ఎవరో వచ్చినట్టు నేను చేతులు తుడుచుకుని పరిగెత్తేవాణ్ణి. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. సిగ్గుని కప్పిపుచ్చుకోబోయి నోరు జారాను.

"నచ్చకపోతే అద్దె సర్వర్లు బోలెడున్నాయి. వెళ్ళొచ్చు."

తెర మీద ఇల్లు కడుతున్న ఆమె బొమ్మ ఆగిపోయింది.

"మూడో విజిల్ వచ్చింది. స్టవ్ ఆపు," అంది చివరికి. నేను లేచి ఆపి వచ్చేసరికి వెళ్ళిపోయింది.

మర్నాడు సారీ చెబుదామని ఆరున్నరకే కూర్చున్నాను. నెట్ కంపెనీవాళ్ళు మా వీధిలో కొత్త లైను వేశారట, వేగం పెరిగింది. ఆమెకి చెబితే సంతోషిస్తుందనుకున్నాను. రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అలిగిందిలే అనుకున్నాను. అలక తీరడానికి ఎన్ని రోజులు పడుతుందో నాకేం తెలుసు?

నాలుగో రోజు బుర్రలో లైటు వెలిగింది. కొత్త లైనుతో పాటు అడ్రస్ నంబర్ మారిపోయింది. నేను ఇంట్లోంచే లోపలికి వెళ్తాను కాబట్టి నాకు ఎప్పటిలాగే తెరుచుకుంటోంది. ఆమె మాత్రం పాత నంబర్‌తో ప్రయత్నించి ఉంటుంది. వెళ్ళొచ్చు అన్న మర్నాడే తలుపు మూసేశాననుకుని ఉంటుంది. పిలుద్దామంటే ఫోన్ నంబర్ లేదు, అసలు పేరే తెలియదు.

ఆరోజు కుక్కర్ అడుగంటి మాడిపోయింది.

అప్పుడు అద్దెకి తీసుకున్నాను. ఆమె కట్టుకున్న నది పక్క ఇంటితో సహా ఊరంతటినీ అందులోకి కాపీ చేశాను. పబ్లిక్ లిస్టులో పెట్టి, "మూడో విజిల్" అని పేరు పెట్టాను. ఆ పేరు ఆమెకి తప్ప ఎవరికీ అర్థం కాదు. అలమరలోని డబ్బా ఆపేశాను. దాని ఫాను ఇన్నాళ్ళూ అంత చప్పుడు చేసేదని, ఆగిపోయాకే తెలిసింది.

అద్దె సర్వర్ గొప్పగా నడిచింది. ఒక్కసారీ ఆగలేదు, ఒక్కళ్ళూ రాలేదు. రోజూ ఏడింటికి వెళ్ళి, ఆమె ఇంటి మెట్ల మీద ఆటలో నా బొమ్మని కూర్చోబెట్టి, తెర ముందు నేను కూర్చునేవాణ్ణి. నలభై రోజులు. బయట వానలు మొదలయ్యాయి. ఆమె ఊళ్ళో కూడా వానేమో, గొడుగు పట్టుకెళ్ళిందో లేదో అనుకునేవాణ్ణి. ఆమెది ఏ ఊరో కూడా తెలియకుండానే.

ఆదివారం సాయంత్రం మా అక్క వచ్చింది. మాడిన కుక్కర్ చూసి, నా మొహం చూసి, కూర్చోబెట్టి కథంతా కక్కించింది.

"పెళ్ళి చేసుకోరా అంటే ఆ డబ్బాతో కాపురం పెట్టావనుకున్నాను. ఇదా సంగతి!" అంటూ పొయ్యి మీద కుక్కర్ పెట్టింది. "సరే, ఆ అమ్మాయి నిన్ను ఎలా కనుక్కుంటుంది?"

"లిస్టులో వెతికితే కనిపిస్తాను."

"ఏదీ, చూపించు."

అక్కకి చూపించడానికి లిస్టు తెరిచి, "విజిల్" అని కొట్టాను. రెండు పేర్లు వచ్చాయి.

ఒకటి నాది. రెండోది: "మూడు అయ్యాయి, విజిల్ ఆపు."

హెడ్‌ఫోన్స్ తగిలించుకుని రెండోది నొక్కాను. ఖాళీ నేల. మధ్యలో ఒకే ఒక్క గది. లోపల స్టవ్, అలమర, అలమరలో డబ్బాల మధ్య ఒక నల్లటి పెట్టె. మా వంటిల్లు! అలమర పక్కన ఒక బొమ్మ కూర్చుని ఉంది.

"టెనెంట్‌గారూ?"

హెడ్‌ఫోన్స్‌లో ఏదో కింద పడిన చప్పుడు.

"ఓనర్‌గారూ!"

"స్టవ్ ఎడమవైపు పెట్టావు. మాది కుడివైపు," అన్నాను. నలభై రోజులు దాచుకున్న మాటలన్నీ వదిలేసి, పిచ్చివాడిలా ఆ మాటే అన్నాను.

"నేను చూశానా ఏంటి? వినికిడి మీద కట్టాను." కింద పడిందేదో తీస్తున్న చప్పుడు. "తలుపు మూసేశావనుకున్నాను."

"నంబర్ మారింది. నువ్వు చెప్పినట్టే. సారీ. అద్దెకి తీసుకుని నలభై రోజులుగా నీకోసమే కూర్చున్నాను."

"నేను నెలరోజులుగా ఇక్కడ కూర్చున్నాను. ఇక్కడినుంచి లేచి వెతకడానికి వెళ్తే, ఈలోగా నువ్వొచ్చి, ఖాళీగా ఉందని వెళ్ళిపోతావేమోనని."

నేనూ అందుకే లేవలేదు. ఇద్దరం చెరో గుమ్మంలో, రెండో మనిషి కోసం కళ్ళు కాయలు కాచేలా చూశామన్నమాట.

"ఈ సర్వర్ అద్దెకి తీసుకున్నావా?" అని అడిగాను.

"లేదు. ఇంట్లో పెట్టాను. నా మంచం పక్కనే."

"నువ్వా? ఇంట్లోనా?"

"నీకెందుకంత ఇది అని అడిగాను కదా, అదేంటో చూద్దామని పెట్టాను. దీనిమీద పచ్చ లైటు ఒకటుంది. నెలరోజులుగా ఎప్పుడో ఒకసారి మినుకుమంటోంది. ఇందాక ఉన్నట్టుండి గబగబా కొట్టుకోవడం మొదలెట్టింది. నాకు ఏడుపొచ్చేసింది. నేను వచ్చినప్పుడల్లా నీకూ ఇలాగే అనిపించేదా?"

"రోజూ," అన్నాను.

"ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

వంటింట్లో కుక్కర్ కూసింది. ఆమె ఒకటి అంది. మళ్ళీ కూసింది. రెండు అంది. మూడోసారి కూయగానే నేను అలవాటుగా లేచాను.

అక్క నా భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. "స్టవ్ నేను ఆపుతాను. నువ్వు ముందు ఆ అమ్మాయి పేరూ, ఫోన్ నంబరూ రాసుకో," అంది.

ఆ మాట మైకులోంచి ఆమెకీ వినబడింది. అడక్కముందే నంబర్ చెప్పింది, ఒక్కో అంకె విడివిడిగా, రెండుసార్లు.