దూలయ్యోళ్ళ ఇప్పచెట్టు

ఊటగుంపుల ఇండ్లు ఇరవై ఆరు. అశ్వారావుపేట దిక్కు పామాయిల్ తోటలు అయిపోయి, తారు రోడ్డు మట్టిబాటై, ఆ బాట గూడ అడవిల సన్నబడ్డ కాడ ఉంటది ఆ ఊరు. కరెంటు ఉంది. ఫోన్ సిగ్నల్ మాత్రం వాటర్ ట్యాంకు మెట్ల మీద నిలబడితెనే. ఎండలు మొదలైతే ఊరంత ఒకటే వాసన, ఇప్పపువ్వు వాసన. తియ్యగుంటది, కొంచెం పుల్లగుంటది, ఎక్కువ పీలిస్తే తల తిరుగుతది. వాకిట్ల, చాపల మీద, ఇంటి రేకుల మీద, ఏడ చూసినా పువ్వే ఎండుతుంటది.

ఆ పువ్వును చెట్టెక్కి కొయ్యరు. తెల్లారుజామున అదే రాలుతది. కోడి కూయకముందే పోవాలె, లేటైతే ఎలుగుబంటి తినిపోతది. అందుకే ముందురోజు పొద్దుగూకంగ చెట్టు కింద ఎండాకులు కుప్పజేసి కాలుస్తరు. నేల నల్లగ, సాపుగ ఐతది. తెల్లారి పువ్వు కండ్లబడ్తది.

ఏ చెట్టు ఎవరిదో కాయితం లేదు. ఎవరి పొయ్యిల నిప్పుతోటి ఆ చెట్టు కింద ఆకు కాల్తే, ఆ చెట్టు ఆ ఇంటిది. ఆ ఇంటోళ్ళు ఆ చెట్టోళ్ళు. తాతల కాలం నుంచి గట్లనే.

ఒక్క చెట్టు కిందనే ఎవ్వరు కాల్చరు. పాతగుంపుల ఉంటది అది. ఊరు ముందుగాల ఆడనే ఉండె, వాగు అవతల. ఇప్పుడు గోడల మొదళ్ళు, పగిలిన రోళ్ళు, ఇప్పచెట్లు మిగిలినయి. ఆ ఒక్క చెట్టును దూలయ్యోళ్ళ చెట్టు అంటరు. దూలయ్య ఎవరని అడిగితే మాత్రం పెద్దోళ్ళు మాట మార్చి ఇంకోటి మాట్లాడ్తరు.

శ్రావణి ఈ ఊరికి కోడలై వచ్చి ఐదేండ్లు. ఆమె తల్లిగారు పామాయిల్ తోటల్ల కూలికి పోయేటోళ్ళు. ఇప్పపువ్వు ఏరుడు ఇక్కడికి వచ్చినంకనే నేర్చుకుంది.

"మీ తోటల్ల గెలలు కోసినట్టు నిలబడి చేసే పని గాదు పిల్లా ఇది. వంగాలె. నడుము ఇరగాలె," అని అత్త ఎర్రమ్మ నవ్వేది.

"నీ నడుము ఇరగలేదు గదత్తమ్మా ఇన్నేండ్లు."

"ఇరిగింది ఎప్పుడో. నీకు చెప్పలే, అంతే."

ఆ సాయంత్రం శ్రావణి పెనిమిటి రాజేష్ పొయ్యిల నుంచి కొరివి తీసుకొని పాతగుంపుకు పోయిండు. తమ చెట్టు కింద ఆకు అంటుపెట్టిండు. మంట ఆరేదాక ఉండాలె. గని గెలల లోడు ఉంది, ట్రాక్టర్ తీసుకొని జల్దీ రమ్మని చీకటి పడకముందే మనిషి వచ్చిండు. రాజేష్ మంటను చూసిండు, గాలి లేదు. "అదే ఆరుతది తీ," అనుకొని పోయిండు.

తెల్లారుజామున ఎర్రమ్మ, శ్రావణి గంపలు పట్టుకొని లేచిండ్రు. రాజేష్ ఇంకా రాలే. నాలుగేండ్ల బిడ్డను ఒక్కదాన్ని ఇంట్ల ఎట్ల పండబెడతరు? వెంట తీసుకపోయిండ్రు. బిడ్డ పేరు ఉదయశ్రీ. అంగన్‌వాడీ టీచరమ్మ పెట్టిన పేరు. ఇంట్ల ఉదయ అంటరు. చేతుల ఖాళీ ఐస్‌క్రీం డబ్బా పట్టుకుంది, తనుగూడ ఏరుతదంట.

వాగుల నీళ్ళు లేవు. ఇసుక చల్లగ ఉంది. అవతల గట్టు ఎక్కంగనే పువ్వు వాసన గుప్పున కొట్టింది. దాంతోటే కాలిన వాసన. శ్రావణి ఫోన్ లైటు ఏసింది.

నేల నల్లగ ఉంది. తమ చెట్టు కింద నల్లగ ఉంది. దాన్ని దాటి గూడ నల్లగ ఉంది. రాత్రి గాలి లేచినట్టుంది, మంట పాక్కుంట పక్క చెట్టు దాక పోయింది. దూలయ్యోళ్ళ చెట్టు కింద ఒక్క ఎండాకు లేదు. నల్లటి నేల మీద పువ్వు... పేలాలు ఒలకబోసినట్టు. ఎవ్వరు ఎప్పుడు ఏరని పువ్వు.

ఎర్రమ్మ గంప కిందబెట్టింది. నల్లటి నేల మీద చెయ్యి పెట్టి చూసింది.

"మన పొయ్యి నిప్పే గదా పిల్లా ఇది," అన్నది మెల్లగ.

"అవ్ అత్తమ్మా. ఏమైతది?"

"నేను గంగయ్య బావను పిల్సుకొస్త. వాళ్ళ చెట్లు ఆ రాళ్ళ అవతలనే. నువ్వు మన చెట్టు కిందనే ఉండు. పిల్లను ఇటుపక్క నుంచి కదలనియ్యకు. కదలనియ్యకు, ఇన్నవా?"

ఎర్రమ్మ చేతిల టార్చిలైటు దూరమైంది. శ్రావణి బిడ్డ చెయ్యి పట్టుకొనే నిలబడ్డది. ఎంతసేపని? పువ్వు ఊకె రాలుతనే ఉంది. టప్... టప్... మెత్తగ, తడిగ. కింద పడ్డది పడ్డట్టు ఉంటే ఎండ తగిలి కరాబైతది. బిడ్డను పక్కన కూసోబెట్టి, "ఈడనే ఏరు," అని వంగింది. రెండు చేతులు పనిల పడ్డయి.

అడవిల పిట్ట గూడ అరుస్తలేదు. పువ్వు రాలే సప్పుడు, డబ్బాల పువ్వు ఏసే సప్పుడు, అంతే. ఉదయ చిన్నగ ఏదో పాడుకుంటుంది. శ్రావణి మనసు కుదుటపడ్డది. అట్ల ఏరుకుంట, ఏరుకుంట...

డబ్బాల పువ్వు పడే సప్పుడు ఎక్కువైంది.

ఒక చెయ్యి ఏరే సప్పుడు కాదు అది. నాలుగైదు చేతులు. జల్దీ జల్దీగ.

శ్రావణి తల ఎత్తింది. పక్కన బిడ్డ లేదు. దూలయ్యోళ్ళ చెట్టు కింద, నల్లటి నేల మీద, ఉదయ వంగి ఏరుతుంది. ఆ పిల్ల తెల్ల గౌను కనిపిస్తుంది. దాని చుట్టూ ఇంకేదో కదులుతుంది... చీకటి కంటే కొంచెం చిక్కగ.

"ఉదయా! ఇటు రా!"

"ఏరుతున్నమమ్మా," అన్నది బిడ్డ.

ఏరుతున్నమంట.

శ్రావణి ఉరికింది. నాలుగు అడుగులు. ఫోన్ లైటు అటు తిప్పింది. ఆడ ఎవ్వరు లేరు. ఐస్‌క్రీం డబ్బా ఉంది, నిండుగ. దాని పక్కన పువ్వు కుప్ప, గంపెడు. అంత పువ్వు ఏరాలంటే పెద్దోళ్ళకు గూడ గంట పడ్తది. చెట్టు కింద నేల మీద ఒక్క పువ్వు మిగల్లే.

"ఉదయా... ఉదయా..."

ఆమె ఒర్లుడు ఇని ఎర్రమ్మ, గంగయ్య ఉరికొచ్చిండ్రు. గంగయ్య ఊరికి పెద్దమనిషి. కొత్త పువ్వు పండగ నాడు పాత ఇండ్ల పేర్లన్ని వరస తప్పకుండ చెప్పేది ఆయనే. డెబ్బై దాటినయి. వచ్చి నల్లటి నేలను చూసిండు, పువ్వు కుప్పను చూసిండు. అట్లనే కింద కూసున్నడు.

"తాతా, నా బిడ్డ ఏది? ఎలుగుబంటి ఎత్తుకపోయిందా? చెప్పు తాతా!"

"ఎలుగు గాదు బిడ్డా. ఆ చెట్టు కింద కాలిన నిప్పు మీది. ఏరిన చేతులు మీ పిల్లయి. వాళ్ళు తమ ఇంటి పిల్లే అనుకున్నరు."

"ఎవరు?"

గంగయ్య గుసగుసగ చెప్పిండు.

"గత్తర రోగం వచ్చిన ఏడాది, నేను గింతంత పోరగాన్ని. దినాం ఇద్దరు ముగ్గురు పోతుండ్రి. ఊరు ఇడిసి పోదమన్నరు పెద్దలు. దూలయ్య ఇంట్ల అందరు పడిపోయిండ్రు, లేచి నడిచేటోళ్ళు లేరు. వాళ్ళను మోసుకపోతే రోగం మనెంట వస్తదన్నరు... తలుపును బయట నుంచి తాళ్ళతో కట్టిండ్రు. అందరు ఎనక్కి చూడకుండ నడిచిండ్రు. మా నాయిన నన్ను భుజం మీద ఏసుకున్నడు. భుజం మీద ఉన్నోని మొఖం ఎనక్కే గద బిడ్డా ఉండేది. నేను చూసిన. తడిక సందుల నుంచి ఆ ఇంటి చిన్నపిల్ల చెయ్యి బయటికి పెట్టింది. నా ఈడుదే. నాతోటి ఆడుకునేది."

ఎర్రమ్మ కొంగు నోట్ల కుక్కుకుంది. ఇన్నేండ్లు ఈ ఊళ్ళె ఉండి ఆమె గూడ ఇంత ఇనలే.

"అందుకే ఆ పువ్వు వాళ్ళకు ఇడిసిపెట్టినం. వాళ్ళది వాళ్ళు తింటరు, మనది మనం. ఇప్పుడు కలిసిపోయింది." గంగయ్య లేచిండు. "పొద్దు పొడిస్తే ఇగ కాదు. శ్రావణీ, మీ గంపల పువ్వు తెచ్చి ఈడ గుమ్మరించు. అంత పొయ్యాలె, ఒక్కటి ఉంచుకోకు. పోసి నీ బిడ్డను పిలువు. ఎవరింటి బిడ్డనో చెప్పి పిలువు. ఒక్కసారే. వచ్చినదాన్ని ఎత్తుకో, నడువు. ఏం ఇనబడ్డా ఎనక్కి మర్లకు. మర్లితే ఇద్దరు గూడ దక్కరు."

ఇద్దరు అన్నడు. శ్రావణికి ఆ మాట అప్పుడు పట్టలే.

గంప గుమ్మరించింది. అడుగున అతుక్కున్న పువ్వు గూడ దులిపింది. తూర్పు దిక్కు కొంచెం తెల్లబడుతుంది. చెట్టు అవతల ఒక ఇంటి గోడ మొదలుంది, మోకాలెత్తు. దాని అవతల చీకటి అట్లనే ఉంది, తెల్లారుడుకు దానికి సంబంధం లేనట్టు.

"ఉదయా! ఎర్రమ్మ మనవరాలా! రాజేష్ బిడ్డా! రా తల్లీ, ఇంటికి పోదం!"

ఏం లేదు...

మల్ల ఏం లేదు...

గోడ మొదలు కాడ తెల్లగ కదిలింది. చిన్న అడుగుల సప్పుడు. బూడిదల కాళ్ళు ఏస్తే వస్తది చూడు, ఆ మెత్తటి సప్పుడు. వచ్చి శ్రావణి కాళ్ళకు చుట్టుకుంది. చల్లగ ఉంది ఒళ్ళు. శ్రావణి ఎత్తుకొని భుజం మీద ఏసుకుంది. మొఖం చూడలే. బూడిద వాసన, పువ్వు వాసన. తన బిడ్డ బరువే. తన బిడ్డ గౌనే.

"నడువు," అన్నడు గంగయ్య.

నడిచింది. పది అడుగులు. ఇరవై...

"అమ్మా!"

ఎనక నుంచి. గోడ అవతల నుంచి.

"అమ్మా... నన్ను ఇడిసిపెట్టి పోతున్నవా?"

ఉదయ గొంతు. కొంచెం గూడ తేడా లేదు. నిద్రల లేపితే ఏడ్చే గొంతు. శ్రావణి ఆగింది. భుజం మీది పిల్ల మాట్లాడలే, కదల్లే.

"తాతా..." అన్నది శ్రావణి.

"నడువు బిడ్డా." ముసలాయన ఏడుస్తున్నడు. "నడువు. నాకు గూడ ఇనబడ్తుంది."

"అమ్మా! నేనొస్త! నన్నెత్తుకో!"

ఎర్రమ్మ కోడలి చెయ్యి పట్టి గుంజింది. వాగు ఇసుకలకు దిగేటప్పుడు శ్రావణికి తెలిసింది, భుజం మీది పిల్ల చెయ్యి లేపింది. ఎనక గోడ కాడ ఉన్నవాళ్ళకు మెల్లగ ఊపుతుంది, టాటా చెప్పినట్టు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు పొడిచింది. పిల్ల నీళ్ళడిగి తాగింది. ఉదయ లెక్కనే నవ్వింది, ఉదయ లెక్కనే ఎర్రమ్మ ఒళ్ళె కూసుంది. పగలు రాజేష్ వచ్చి ఇషయం ఇని బిడ్డను గుండెకు అదుముకొని ఏడ్చిండు. ఊరంత వచ్చి చూసిపోయిండ్రు. గంగయ్య ఒక్కడే రాలే.

సాయంత్రం శ్రావణి పిల్లకు నీళ్ళు పోసింది. బూడిదంత కడిగింది. ఎడమ జబ్బ రుద్దంగ ఆమె చెయ్యి ఆగింది. పుట్టినప్పుడు దవాఖానల ఏసిన సూది మచ్చ ఆడ ఉండాలె. చర్మం నున్నగ ఉంది. కుడి జబ్బ చూసింది. అది గూడ నున్నగనే.

"ఏమయ్యా, పిల్లకు సూది మచ్చ ఏ జబ్బకుండె?"

రాజేష్ ఆలోచించిండు. "ఎడమకే గద. కుడికా? మచ్చ పడ్డదా అసలు?"

"కొందరికి పడదు పిల్లా," అన్నది ఎర్రమ్మ, మొఖం అటు తిప్పుకొని.

శ్రావణి ఫోన్ల ఫోటోలన్ని తీసింది. ఉగాది నాడు చేతుల్లేని గౌను ఏసుకున్న ఫోటో ఒకటి దొరికింది. పెద్దగ చేసి చూసింది. ఇంకా పెద్దగ చేసింది. జబ్బ కాడ మసక తప్ప ఏం లేదు. కన్నతల్లికే యాదికొస్తలేదు. నాలుగేండ్లు దినాం నీళ్ళు పోసిన చేతులవి. వాటికి గూడ యాది లేదు.

రెండో రోజు తెల్లారుజామున మెలకువ వచ్చింది. రాజేష్, ఎర్రమ్మ నిద్రల ఉన్నరు. పిల్ల పక్కన పండుకొని ఉంది, కండ్లు మూసుకొని, ఊపిరి సన్నగ తీసుకుంట. ఊరంత పువ్వు వాసన. వాగు అవతల నుంచి గాలి వచ్చింది. గాలితోటి గొంతు వచ్చింది, చాన దూరం నుంచి, అలిసిపోయి.

"అమ్మా..."

శ్రావణి లేవబోయింది.

చీకట్ల ఒక చిన్న చెయ్యి వచ్చి, మెత్తగ, ఆమె చెవి మూసింది.