ఎక్కింది గానీ దిగలేదు

బట్టలమిల్లు స్టాపు మంచిది కాదు. చీకటి పడ్డాక అక్కడ ఒక్కరే నిలబడకండి... నేనైతే ఒక స్టాపు వెనక్కి నడిచి మరీ ఎక్కుతాను. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం.

ఎందుకంటారా? మా రూటు బస్సు కండక్టరమ్మ నాకు చెప్పిన సంగతి ఇది.

మా డ్రైవరుకి మేం పెట్టుకున్న పేరు వాయువేగం. బస్సు వెనక పరిగెత్తే మనిషి అద్దంలో కనబడితే చాలు, కాస్త నెమ్మదించేవాడు. ఆ చెయ్యి కమ్మీ అందుకునేలోపు లాగించేసేవాడు. అదో పాడు సరదా.

ఓ సాయంత్రం మిల్లులో పనిచేసే ఆవిడ అలాగే పరిగెత్తింది. కూతురు ఆసుపత్రిలో ఉంది, వెంటనే రమ్మని కబురొచ్చింది. చెయ్యి జారి వెనక చక్రం కింద పడింది. అమ్మ కోసం ఎదురుచూసి చూసి ఆ పిల్లా తెల్లారేసరికి పోయింది. వీడేమో విచారణలో "చూడలేదు" అన్నాడు. నమ్మేశారు.

నెల తిరక్కుండా కొత్త వింత మొదలైంది. ఏడున్నర ట్రిప్పులో మిల్లు స్టాపు దగ్గర బస్సు ఆపుతాడు. అక్కడ నరమానవుడు ఉండడు. అయినా తలుపు తీస్తాడు... కాసేపాగి మూస్తాడు.

ఎవరి కోసమని కండక్టరమ్మ నిలదీసింది. వాడు తల తిప్పకుండా గొణిగాడు.

"రోజూ ఎక్కుతోందమ్మా... దిగట్లేదు."

వెనక సీట్లన్నీ ఖాళీ. వీడికి మతి చలించిందనుకుని, ఎక్కడ దిగాలో అడిగి దించెయ్ అందిట ఈవిడ. ఆ ముక్క ఎందుకన్నానా అని ఇప్పటికీ లెంపలేసుకుంటుంది.

మర్నాడు తలుపు మూసి, అద్దంలోకి చూస్తూ వాడు అడిగాడు.

"ఎక్కడ దిగాలమ్మా?"

జవాబు కండక్టరమ్మకీ వినబడింది — చెవి పక్కనే.

"మీ ఇంటి దగ్గర."

ఇంట్లో వాడి కూతురు ఒక్కతే ఉంది. తొమ్మిదేళ్ళది. వాడు ఫోను చేస్తే మోగుతోంది గానీ ఆ పిల్ల ఎత్తడం లేదు. ఇక ఆ బస్సు నడిపే ధైర్యం లేక, ఉన్నచోటే వదిలేసి దూకాడు. వెనకే కండక్టరమ్మ. చెయ్యెత్తితే ఒక్క బండీ ఆగలేదు... ఇంటిదాకా రెండు కిలోమీటర్లూ రొప్పుతూ పరిగెత్తాడు.

చేసుకున్నవాడికి చేసుకున్నంత అనుకున్నాను, దాపరికం ఎందుకు. కానీ ఆ పిల్లేం పాపం చేసింది?

వెళ్ళేసరికి తలుపు బార్లా తీసుంది. గుమ్మంలో పిల్ల నిలబడి, నోటి మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగా నాన్నా... ఆవిడ వచ్చి చాలాసేపైంది."